ఇచ్చేవాడే పళ్ళు ఎంచాలి



మన తాతలు, తండ్రులు సొంత ఊళ్ళు విడిచి ఈ ప్రాంతాలకు వచ్చినప్పుడు చాలామందికి చేతిపనే ఆస్తి. కోలారు బంగారు గనుల వర్క్‌షాపుల్లో, బెంగళూరు యంత్ర కర్మాగారాల్లో, 1955లో పని మొదలుపెట్టిన పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో, రూర్కెలా ఉక్కు కర్మాగారంలో మనవారు టర్నర్లుగా, ఫిట్టర్లుగా, హెల్పర్లుగా బ్రతికారు. లేత్, చక్, వెర్నియర్, బుష్ అనే మాటలు మన ఇళ్ళలో అప్పు, ఉప్పు అన్నంత సహజంగా వినబడ్డాయి. కోలారు గనులు 2001లో మూతబడ్డాయి గాని, ఆ చేతులు నేర్చుకున్నది మూతబడలేదు. అందుకే పదవీ విరమణ పొందిన పెద్దలు పెరట్లో రేకుల షెడ్డు వేసి, పాత లేత్ ఒకటి కొని పెట్టుకుంటారు. ఉద్యోగాల్లో ఉన్న యువకులు కూడా బల్లమీద పట్టే చిన్న లేత్ తెచ్చుకొని, ఆదివారం మధ్యాహ్నం, సెలవు రోజుల్లో ఇనుముతో, ఇత్తడితో ఆడుకుంటున్నారు.

ఇది మంచి అలవాటు. టీవీ ముందు కూర్చొనే గంటకన్నా, ముడి కడ్డీని చక్‌లో బిగించి, టూల్ కొనతో పొరపొరగా ఒలిచి, మెరిసే పిన్ను ఒకటి చేతిలోకి తీసుకొనే గంట మనిషికి మేలు చేస్తుంది. ఓర్పు నేర్పుతుంది. తొందరపడినవాడిని లోహమే మందలిస్తుంది. ఈ విషయంలో ఎవరికీ సందేహం ఉండనక్కరలేదు.

అయితే ఇంట్లో లేత్ ఉన్నదని తెలిసిన మరుసటి వారమే ఇంకొక సంగతి మొదలవుతుంది. పక్కింటి అక్క కుట్టుమిషను బుష్ అరిగిపోయిందని తెస్తుంది. వీధి చివర టిఫిన్ బండి అతను గ్రైండరు ఇరుసు పట్టుకొని వస్తాడు. సంఘ మందిరంలో పైకప్పు ఫ్యాను వేలాడే పిన్ను పోయిందని కుర్రవాళ్ళు వచ్చి అడుగుతారు. ఈయన సంతోషంగా చేసి ఇస్తాడు. డబ్బు తీసుకోడు. ఇక్కడే నేను ఈ వ్యాసంలో అడగదలచిన ప్రశ్న పుడుతుంది. ప్రేమతో, ఉచితంగా చేసి ఇచ్చిన వస్తువుకు ఇచ్చినవాడు ఎంతవరకు బాధ్యుడు?

మనకు ఒక సామెత ఉంది. దానం చేసిన ఆవుకు పళ్ళు లెక్కబెట్టకూడదంటారు. ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టవద్దని దాని భావం. ఇది తీసుకొనేవాడికి చెప్పిన బుద్ధి. మంచి బుద్ధే. అయితే దీనికి రెండో వైపు ఉంది. తీసుకొనేవాడు పళ్ళు ఎంచకూడదు అంటే, అవి ఎవరూ ఎంచకుండా పోవాలని కాదు. అతని నోరు మర్యాద మూసివేసింది గనుక, ఆ పని ముందే చేయవలసినవాడు ఇచ్చేవాడే. డబ్బిచ్చి కొన్నవాడు ప్రశ్న వేస్తాడు, బాగా లేకపోతే తిరిగి తెచ్చి పడవేస్తాడు. ఊరికే పుచ్చుకొన్నవాడు తలవంచి వందనాలు చెప్పి తీసుకుపోయి బిగించుకుంటాడు. కాబట్టి ఉచితంగా ఇవ్వడం వల్ల మన బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

కొలత నేర్పే నిజాయితీ

కొందరు దీనికి జవాబుగా, ‘అయితే లోపం లేకుండా చేసి ఇస్తే సరి’ అంటారు. లేత్ దగ్గర నిలబడినవారికి ఈ మాట ఎంత ఖాళీ మాటో తెలుసు. లోపం లేని భాగాన్ని ఈ లోకంలో ఎవ్వరూ చేయలేదు. 20 మిల్లీమీటర్ల కడ్డీ అంటే సరిగ్గా 20 మిల్లీమీటర్లు ఉన్న కడ్డీ అని అర్థం కాదు, అలాంటిది లేదు. అందుకే డ్రాయింగు వేసేవారు టాలరెన్స్ రాస్తారు. అనగా ఇంతవరకు తేడా ఉండవచ్చునని ముందే ఒప్పుకున్న హద్దు. 20 మిల్లీమీటర్ల రంధ్రంలో సులువుగా తిరగవలసిన ఇరుసుకు వాడుకలో ఉన్న ఒక హద్దు చూడండి. అది 20 కన్నా 0.007 మిల్లీమీటరు నుండి 0.020 మిల్లీమీటరు వరకు చిన్నదిగా ఉండవచ్చు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న చోటు 0.013 మిల్లీమీటరు మాత్రమే. తలవెంట్రుక మందంలో ఇది చిన్న ముక్క.

ఇప్పుడు ఇంకొక లెక్క. కోత పూర్తయిన వెంటనే కడ్డీ వేడిగా ఉంటుంది. ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కడ్డీ 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 0.012 మిల్లీమీటరు లావవుతుంది. అంటే మనకు ఇచ్చిన చోటు దాదాపు మొత్తం వేడే తినివేసింది. అప్పుడు మైక్రోమీటరు పెట్టి చూస్తే అంకె సరిగ్గా కనబడుతుంది. చల్లారాక చూస్తే ఇరుసు సన్నబడి ఉంటుంది. అందుకే పనితెలిసినవాడు కడ్డీని చల్లారనిచ్చి, చేతులు తుడుచుకొని, మళ్ళీ కొలుస్తాడు. కొలతలు పోల్చుకోవడానికి ప్రపంచమంతా 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా పెట్టుకున్నది కూడా ఇందుకే.

వేడిమీద చూసిన కొలత అబద్ధం కాదు. ఆ క్షణంలో అది నిజమే. అయినా దాన్ని నమ్మి ఇచ్చేస్తే మోసం చేసినట్టే అవుతుంది. మనం మాటల్లో చేసే చాలా మోసాలు ఇలాంటివే. మనకు నచ్చిన క్షణంలో కొలుస్తాము, మనకు కావలసిన అంకె రాగానే మైక్రోమీటరు పెట్టెలో పెట్టేస్తాము. నిజాయితీ అంటే లోపం లేకపోవడం కాదు. ఎంత లోపం ఉన్నదో తెలుసుకోవడానికి ఓపిక పట్టడం, తెలిసినది దాచకుండా చెప్పడం.

రెండు పలకలు, మూడవ పలక

ఇంటి వర్క్‌షాపులో మనల్ని తనిఖీ చేసేవారు ఉండరు. ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. ఆయన గేజ్ పెట్టి చూసి, సరిపోకపోతే ముఖం మీదే పక్కన పడేసేవాడు. ఇంట్లో చేసేవాడు మనమే, చూసేవాడు మనమే, మెచ్చుకొనేవాడు పక్కింటివాడు. ఇది ఎంత ప్రమాదమో తెలియడానికి యంత్రపనిలోనే ఒక గొప్ప పాఠం ఉంది.

లండనులో హెన్రీ మాడ్స్‌లే అనే యంత్రశిల్పి ఉండేవాడు. ఆయన 1831లో చనిపోయాడు. తన బల్లమీద ఒక మైక్రోమీటరు పెట్టుకొని, దానికి ‘లార్డ్ చాన్సలర్’ అని పేరు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఆ దేశంలో అది పెద్ద న్యాయమూర్తి పదవి. వర్క్‌షాపులో ఎవరి పనిమీద వాదన వచ్చినా చివరి తీర్పు ఆ మైక్రోమీటరుదే. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో, చదునైన పలకలను తయారుచేసే పద్ధతిని పండితుల సభకు వివరించాడు. మరుసటి సంవత్సరం, అనగా 1841లో, మరలన్నిటికీ ఒకే ప్రమాణం ఉండాలని ప్రతిపాదించినవాడు కూడా ఆయనే.

పలకల పద్ధతి ఇది. రెండు ఇనుప పలకలకు రంగు పూసి ఒకదానిమీద ఒకటి పెట్టి రుద్దుతారు. రంగు అంటినచోట ఎత్తు ఉన్నట్టు. ఆ ఎత్తును స్క్రేపర్‌తో గీకి తీస్తారు. ఇలా చేయగా చేయగా రెండూ పూర్తిగా అతుక్కుంటాయి. అయితే అవి చదునుగా ఉన్నట్టేనా? కాదు. ఒకటి గిన్నెలాగా కొద్దిగా లోపలికి, రెండవది బొర్లించిన గిన్నెలాగా కొద్దిగా బయటికి వంగి ఉన్నా, రెండూ చక్కగా కలిసిపోతాయి. రెండూ తప్పే, కానీ ఒకదానికొకటి సరిపోయాయి. అందుకే మూడవ పలక తెస్తారు. మొదటిదానితో రెండవది, రెండవదానితో మూడవది, మూడవదానితో మొదటిది. ఇలా మూడూ ఏ జతగా పెట్టినా, ఎటు తిప్పి పెట్టినా అతికితేనే మూడూ చదును.

నాకు తెలిసినంతలో మానవ సంబంధాల గురించి ఇంత స్పష్టంగా చెప్పే యంత్రపాఠం మరొకటి లేదు. చేసి ఇచ్చినవాడికి తృప్తి. పుచ్చుకొన్నవాడికి కృతజ్ఞత. రెండు పలకలూ బాగా అతుక్కున్నాయి. ఇద్దరూ సంతోషంగా ఉన్నారంటే ఆ పిన్ను మంచిదని రుజువు కాదు. మూడవ సాక్షి కావాలి. అది గేజ్ కావచ్చు, పని తెలిసిన మరొక మనిషి కావచ్చు, ప్రమాణాల పట్టిక కావచ్చు. మన తృప్తినీ వారి మెప్పునీ లెక్కచేయని సాక్షి అయితే చాలు.

కొలతకు కనబడనివి

మూడవ సాక్షి కొలత ఒప్పుకున్నా, ఇంకా మూడు సంగతులు మిగిలిపోతాయి.

మొదటిది లోహం. స్కూటరులో, కారులో బరువు మోసే చాలా బోల్టుల తలమీద 8.8 అని అచ్చు ఉంటుంది. ఆ బోల్టు తెగడానికి చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల బలం కావాలి. బజారులో దొరికే మామూలు మైల్డ్ స్టీల్ కడ్డీ సుమారు 400 దగ్గరే తెగిపోతుంది. ఆ కడ్డీతో ఇంట్లో బోల్టు చేస్తే పొడవు సరిపోతుంది, లావు సరిపోతుంది, మర చక్కగా ఎక్కుతుంది. పక్కపక్కన పెడితే మనది ఇంకా మెరుస్తుంది కూడా. బలం మాత్రం సగం. ఈ సగం సంగతి మైక్రోమీటరుకు తెలియదు, కంటికి కనబడదు. చేసినవాడికి మాత్రమే తెలుసు.

రెండవది మూల. ఇరుసు లావుగా ఉన్న భాగం సన్నటి భాగంతో కలిసేచోట మెట్టులాంటి మూల వస్తుంది. అక్కడ కొద్దిపాటి గుండ్రం ఉంచకుండా పదునైన మూల వదిలితే బలమంతా ఆ గీతమీదే పడుతుంది. 1842 మే 8న వెర్సాయ్ నుండి పారిస్‌కు తిరిగివస్తున్న రైలులో ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఎక్కి అంటుకొని, 50 మందికి పైగా చనిపోయారు. ఇరుసులు ఎందుకు ఇలా విరుగుతాయని ఆ రోజుల్లో చాలామంది తలలు పట్టుకున్నారు. 1843లో రాంకిన్ అనే యువ ఇంజనీరు విరిగిన ఇరుసులను పరిశీలించి, అవి ఒక్కసారిగా విరగడం లేదనీ, మూల దగ్గర పుట్టిన సన్నటి పగులు తిరిగే కొద్దీ లోపలికి పాకుతుందనీ చెప్పాడు. మూలను గుండ్రంగా ఉంచాలన్నాడు. బిగించాక ఆ మూల ఎవరికీ కనబడదు. ఏళ్ళ తరబడి నడిచి ఒకనాడు విరుగుతుంది.

మూడవది ఆ భాగం ఎందుకు ఉన్నదో తెలియకపోవడం. మన వంటింట్లో ప్రెషర్ కుక్కరు మూతమీద సేఫ్టీ వాల్వు ఉంటుంది. చాలా కుక్కర్లలో దాని మధ్య తక్కువ వేడికే కరిగే లోహం పోసి ఉంటుంది. ఆవిరిదారి మూసుకుపోయి వేడి హద్దు మీరితే, ఆ లోహం కరిగి ఆవిరిని బయటికి వదులుతుంది. అనగా ఓడిపోవడమే దాని పని. అది పోయినచోట ఎవరైనా ఇత్తడితో అందంగా, గట్టిగా, మర చక్కగా అతికేలా బిరడా చేసి బిగించారనుకోండి. పనితనం పదికి పది మార్కులు. అయితే ఆ అమ్మ పొయ్యిమీద ఇప్పుడు ఉన్నది కుక్కరు కాదు, బాంబు. ఎంత బాగా చేస్తే అంత ప్రమాదం. మంచి మనసు, మంచి చెయ్యి రెండూ ఉండి కూడా కీడు చేయవచ్చునని దీనికన్నా గట్టిగా చెప్పేది లేదు.

కొన్ని అభ్యంతరాలు

‘బజారులో దొరికేవి మాత్రం మంచివా? నకిలీలే ఎక్కువ’ అని ఒకరు అడగవచ్చు. నకిలీలు ఉన్నమాట నిజమే. అయితే అమ్మినవాడిని నిలదీయవచ్చు. మనల్ని నిలదీయడానికి మన పొరుగువాడికి నోరు రాదు. ఇంకొకరి తక్కువ తూకం మన తూకాన్ని సరిచేయదు.

‘నేను డబ్బు తీసుకోలేదు కదా’ అని మరొకరు అంటారు. ఫ్యాను కింద కూర్చున్న బిడ్డకు ఆ పిన్ను కొన్నదా, ఊరికే వచ్చినదా అనే తేడా లేదు. బరువుకు కూడా ఆ తేడా తెలియదు.

‘ఇంత ఆలోచిస్తే ఎవరూ ఎవరికీ ఏమీ చేయరు’ అనేది మూడవ మాట. ఇది తేలికగా తోసివేయదగినది కాదు. నలభై ఏళ్ళనాటి కుట్టుమిషనుకు విడిభాగం ఏ దుకాణంలోనూ దొరకదు. దానిమీద బ్రతికే కుటుంబానికి ఇంటి లేత్ ఒక్కటే దిక్కు. భయపడి అందరికీ కాదని చెప్పేవాడు తన చేతులను శుభ్రంగా ఉంచుకున్నాడు గాని, పొరుగువాడికి ఏ మేలూ చేయలేదు. జాగ్రత్త పేరుతో సోమరితనాన్ని దాచుకోవడం కూడా మోసమే. కాబట్టి అన్నిటికీ సరేననడం తప్పు, అన్నిటికీ కాదనడమూ తప్పు. వేరుచేయడం నేర్చుకోవాలి.

ఎలా వేరుచేయాలి?

భాగం చేతికి రాగానే ఒకే ప్రశ్న వేసుకుంటే చాలనిపిస్తుంది. ఇది విరిగితే ఆ నష్టం దేనిమీద పడుతుంది?

విరిగితే పని ఆగుతుంది, అంతే అయితే ధైర్యంగా చేయండి. కుట్టుమిషను బుష్, గేటు గొళ్ళెం, తలుపు పిడి, బొమ్మరైలు చక్రం ఇలాంటివి. పాడైతే మళ్ళీ చేసి ఇవ్వవచ్చు. నేర్చుకొనేవారికి ఇదే బడి.

విరిగితే డబ్బు నష్టం, యంత్రం నష్టం అయితే, చెప్పి చేయండి. గ్రైండరు ఇరుసు, పంపు షాఫ్టు ఇలాంటివి. ఒక చిన్న చీటీ రాసి ఇవ్వడం మంచిది. ఏ లోహంతో చేశాను, ఏ తేదీన చేశాను, ఏ కొలత, ఏది పరీక్షించాను, ఏది పరీక్షించలేదు. నాలుగు వరుసలు చాలు. ‘నెల రోజులకు ఒకసారి విప్పి చూడండి’ అని ఐదవ వరుస రాస్తే ఇంకా మంచిది. ఇచ్చేవాడు పళ్ళు ఎంచడమంటే ఇదే.

విరిగితే మనిషి ఒంటిమీద పడేది అయితే ఆగండి. బ్రేకు, హ్యాండిలు, బరువులెత్తే కొక్కెం, తలమీద తిరిగే ఫ్యాను, ఆవిరి, గ్యాసు వీటికి సంబంధించినవి. దానికి తగిన లోహం, లెక్క, పరీక్ష, బాధ్యత పెట్టుకొని చేసేవారు ఉన్నారు. అవి మన షెడ్డులో లేనప్పుడు మన ప్రేమ వాటి లోటు తీర్చలేదు.

కాదని చెప్పడం కష్టం. ముఖ్యంగా మనలాంటి చిన్న సంఘాల్లో, నలుగురూ ఒకరికొకరు అక్క, అన్న, పిన్ని, బాబాయి అయినచోట, కాదంటే మనసు నొచ్చుకుంటుంది. పరాయి ఊళ్ళో ఒకరికొకరు తోడుగా బ్రతికినవాళ్ళం గనుక ఆ మొహమాటం మరీ ఎక్కువ. అయినా చెప్పే తీరు ఉంది. ‘అక్కా, ఈ కుక్కరు వాల్వు నేను చేయను. ఇది చేయదగినది కాదు. సాయంత్రం నాతో దుకాణానికి రా, అసలుది ఎలా ఉంటుందో చూపించి ఇప్పిస్తాను, నేనే బిగించి ఇస్తాను’ అనవచ్చు. కాదన్న నోటితోనే తోడు వస్తానంటే అది తిరస్కారం అనిపించుకోదు. వారికోసం అరగంట లేత్ దగ్గర నిలబడగలిగినవాడు, అదే అరగంట వారితో బజారుకు నడవగలడు. ఆ మెప్పు కొంచెం తక్కువగా ఉంటుంది, అంతే. మనం చేసినదే చాలా గొప్పదని పదిమందీ అనుకోవాలనే కోరిక మనలో ఎంత ఉన్నదో అప్పుడే తెలుస్తుంది.

లేత్ ఉన్నవారికే కాదు ఈ మాట. సలహా ఇచ్చేవారికి, మందు పేరు చెప్పేవారికి, సంబంధాలు చూసేవారికి, పిల్లలకు ఊరికే పాఠాలు చెప్పేవారికి, ఉచితంగా ఏదైనా ఇచ్చే ప్రతివారికీ ఇదే వర్తిస్తుంది. ఇచ్చేముందు చల్లారనిచ్చి కొలవండి. మూడవ పలకతో సరిచూడండి. ఎవరికీ కనబడని మూల గుండ్రంగా ఉందో లేదో చూడండి. తెలియనిది తెలియదని చీటీమీద రాయండి. అటుపైని రెండు చేతులా ఇవ్వండి. పుచ్చుకొన్నవారు పళ్ళు ఎంచకుండా ఇంటికి తీసుకుపోతారు, ఎంచవలసిన అవసరం లేకుండా మీరే చేసి ఉంటారు గనుక.